కోస్తే లోపల గళ్ళు కనిపించే కేక్: కొలతలు, కోతలు, రంగులు

కొత్తఓవెన్:
అందరికీ నమస్కారం. పైకి మామూలు కేకులాగే ఉండి, కోయగానే లోపల తెలుపు, చాక్లెట్ రంగు గళ్ళు కనిపించే కేక్ చేద్దామనుకుంటున్నాను. వెనిలా స్పాంజ్, చాక్లెట్ స్పాంజ్ విడివిడిగా బాగానే పొంగుతున్నాయి. చిక్కంతా కోత దగ్గరే. రింగు కోసి ఎత్తబోతే మధ్యలో విరుగుతోంది. అంచుల వెంట రజను రాలి తెల్ల గడిలో నల్ల మచ్చలు పడుతున్నాయి. పైగా రింగులు ఏ కొలతకు కోయాలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. దీనికి లెక్కంటూ ఏమైనా ఉందా? మొత్తం ఎన్ని టిన్నులు బేక్ చేయాలి?

వెన్నముద్ద:
రింగు విరగడానికి కారణం మీ చెయ్యి కాదండీ, ఆ స్పాంజే. గుడ్లు గిలకొట్టి గాలి పట్టించి చేసే స్పాంజ్ క్రీమ్ కేకుకు హాయిగా ఉంటుంది గానీ, సన్నటి రింగుగా కోశాక నిలబడే బలం దానికి ఉండదు. ఈ డిజైన్‌కు బటర్ కేక్ చేయండి. చల్లబడితే వెన్న గట్టిపడుతుంది కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన బటర్ కేక్ శుభ్రంగా తెగుతుంది. నూనెతో చేసిన కేక్ ఫ్రిజ్‌లో పెట్టినా మెత్తగానే ఉంటుంది, అందుకే రాలుతుంది.

15 సెం.మీ. టిన్నులో నాలుగు పొరలకు నేను వాడే కొలత చెబుతాను. వెన్న 300 గ్రాములు, పంచదార పొడి 300 గ్రాములు, పెంకు తీసిన గుడ్లు 300 గ్రాములు (ఆరు దాకా పడతాయి). వెన్న, పంచదార తెల్లబడేదాకా గిలకొట్టి గుడ్లు ఒక్కొక్కటిగా కలపండి. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి చాలాసేపు అయ్యుండాలి, చల్లటివి వేస్తే వెన్న విరిగినట్టు అవుతుంది. ఇప్పుడు గిన్నెలో 900 గ్రాములు ఉంటుంది. దాన్ని తూచి 450 చొప్పున రెండు గిన్నెల్లోకి తీసుకోండి. ఒకదాంట్లో మైదా 150 గ్రాములు, ఇంకోదాంట్లో మైదా 125, కోకో 25 గ్రాములు. రెండింటికీ టీస్పూన్ చొప్పున బేకింగ్ పౌడర్. కోకో తడిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి చాక్లెట్ గిన్నెలో రెండు టేబుల్‌స్పూన్ల పాలు ఎక్కువ పోయండి. గరిటె ఎత్తితే రెండు గిన్నెల బ్యాటర్లూ ఒకే వేగంతో జారాలి. ఈ ఒక్క పరీక్ష మాత్రం మానకండి. ఒకటి చిక్కగా, ఇంకోటి పల్చగా ఉంటే రెండూ ఒకే ఎత్తుకు పొంగవు, గళ్ళు అక్కడే పాడవుతాయి.

టిన్‌కు 300 గ్రాముల చొప్పున తూచి పోయండి. 160 డిగ్రీల దగ్గర 25 నుంచి 30 నిమిషాలు. వేడి తగ్గిస్తే కేక్ నడుమ గుట్టలా లేవకుండా చదునుగా వస్తుంది.

కొలతబద్ద:
లెక్క ఉంది, చాలా తేలిక కూడా. టిన్ వ్యాసాన్ని మూడుతో భాగించండి. 15 సెం.మీ. టిన్ అయితే 5 వస్తుంది. లోపలి బిళ్ళ వ్యాసం 5, రెండో కోత వ్యాసం 10. అప్పుడు బయటి రింగు వెడల్పు 2.5, మధ్య రింగు వెడల్పు 2.5, లోపలి బిళ్ళ కేంద్రం నుంచి అంచుదాకా 2.5. త్రికోణంగా ముక్క కోసినప్పుడు మూడూ సమానంగా కనిపిస్తాయి. గడి నిజంగా చతురస్రంగా ఉండాలంటే పొర ఎత్తు కూడా 2.5 ఉండాలి. 18 సెం.మీ. టిన్ అయితే కోతలు 6, 12 దగ్గర, పొర ఎత్తు 3.

20 సెం.మీ. లాంటి టిన్ మూడుతో సరిగ్గా భాగం పోదు గానీ కంగారు లేదు. బేక్ అయ్యాక చుట్టూ అంచు గీసేసి 18కి తెచ్చుకోండి. గీసేయడం ఎలాగూ మంచిదే. కేక్ పక్కన, అడుగున, పైన ఉండే గోధుమ రంగు పొట్టు తీయకపోతే తెల్ల గడి చుట్టూ గీతలా కనబడుతుంది.

ఎన్ని టిన్నులంటే, రెండు తెల్లవి, రెండు చాక్లెట్‌వి. ఒక తెల్ల పొర, ఒక చాక్లెట్ పొర కోస్తే ఆరు ముక్కలు వస్తాయి. మధ్య రింగులు రెండూ అటుదిటు మార్చితే చాలు, రెండు గళ్ళ పొరలు తయారు. ఒకదానికి బయటి రింగు నలుపు, ఇంకోదానికి తెలుపు. అలాంటి జతలు రెండు చేసి నలుపు, తెలుపు, నలుపు, తెలుపు వరసలో పేర్చితే నాలుగు పొరలు, ముక్క కూడా మిగలదు. మూడు పొరలే చాలంటే మాత్రం ఒక పొరకు సరిపడా ముక్కలు మిగిలిపోతాయి.

కొత్తఓవెన్:
కొలతబద్ద గారూ, మధ్య రింగులు మార్చితే చాలన్న మాటతో మొత్తం అర్థమైపోయింది. నేను ఆరు ముక్కల్నీ ఎటెటో కలుపుతూ కూర్చున్నాను. వెన్నముద్ద గారూ, కోత ఎప్పుడు పెట్టాలి? చల్లారిన వెంటనేనా?

వెన్నముద్ద:
వెంటనే వద్దు. పూర్తిగా చల్లారాక క్లింగ్ ర్యాప్‌లో బిగించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు పైభాగం చదును చేసి, కోతకు ముందు అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి. వేలితో నొక్కితే గట్టిగా తగలాలి గానీ రాయిలా మాత్రం కాకూడదు. బటర్ పేపర్ మీద 5, 10 సెం.మీ. వృత్తాలు గీసి కత్తిరించి, కేక్ మధ్యలో పెట్టి టూత్‌పిక్‌లతో గుచ్చండి. సన్నటి కత్తిని నిటారుగా పట్టుకుని, కత్తి ఒకచోటే పైకీ కిందికీ ఆడిస్తూ, కేకును రెండో చేత్తో తిప్పండి. కత్తి వాలిందంటే రింగు పైన వెడల్పు, కింద ఇరుకు అవుతుంది, ఇంకో రింగులో కూర్చోదు. ఆ కొలత గుండ్రటి కట్టర్లు దొరికితే ఈ తంటా ఏదీ లేదు.

ముందు తెల్లవి కోయండి, తర్వాత చాక్లెట్‌వి. మీరు చెప్పిన నల్ల మచ్చలు కత్తికి అంటుకున్న రజను వల్లే. ఒక్కో కోతకూ కత్తి తుడవండి, ముక్కల అంచుల్ని మెత్తటి బ్రష్‌తో దులపండి.

తెల్లమబ్బు:
నాదొక అభ్యంతరం అండీ. గళ్ళ కోసం బటర్ కేక్ అంటారు, రాత్రంతా ఫ్రిజ్ అంటారు, మళ్ళీ ఫ్రీజర్ అంటారు. చివరికి చూడ్డానికి బాగుంటుంది, నోట్లో పెట్టుకుంటే పొడిపొడిగా గొంతుకు అడ్డం పడుతుంది. కేక్ తినడానికి కదా. మెత్తగా రావాలంటే పంచదార పాకం చల్లొచ్చా?

వెన్నముద్ద:
పాకం చల్లకండి. ఈ కేకుకు అది పనికిరాదు. ద్రవం చాక్లెట్ ముక్కలోంచి తెల్ల ముక్కలోకి రంగును మోసుకుపోతుంది, రెండు గంటల్లో గడి అంచు అలికినట్టవుతుంది. మెత్తదనం బ్యాటర్‌లోనే రావాలి. మైదాలో 30 గ్రాములు తీసి కార్న్‌ఫ్లోర్ వేయండి, మైదా కలిపాక ఎక్కువ తిప్పకండి, రెండు నిమిషాల ముందే ఓవెన్‌లోంచి తీయండి. గొంతుకు అడ్డం పడే బటర్ కేక్ దాదాపు ఎప్పుడూ ఎక్కువసేపు బేక్ అయినదే.

ఇంకొకటి, దాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పెడితే ఎవరికైనా గట్టిగానే తగులుతుంది. కోత చల్లగా ఉన్నప్పుడు, తినడం మామూలు వేడిమికి వచ్చాక. ముక్కలు కోసి మూతపెట్టి గంటసేపు బయట ఉంచి చూడండి.

తెల్లమబ్బు:
కార్న్‌ఫ్లోర్ సంగతి తప్పక చూస్తాను. అయినా మెత్తటి స్పాంజే కావాలనుకునేవాళ్ళకు జీబ్రా కేక్ ఉంది, దాన్ని మరిచిపోకండి. టిన్ మధ్యలో తెల్ల బ్యాటర్ రెండు టేబుల్‌స్పూన్లు, దాని నడినెత్తిన చాక్లెట్ బ్యాటర్ రెండు, మళ్ళీ తెల్లది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వాటంతట అవే చుట్టూ పాకుతాయి. టిన్ కదపకూడదు, గరిటె పెట్టకూడదు. కోస్తే వంపు తిరిగిన చారలు. అక్కడ నూనె బ్యాటరే మేలు, పాకే గుణం ఉండాలి కదా. కోతా లేదు, పేర్పూ లేదు.

నాలుగుమూలలు:
రింగుల కన్నా తేలిక దారి ఒకటి చెప్పనా? చదరపు టిన్నులో బేక్ చేసి, 2.5 సెం.మీ. మందం పలకల్ని 2.5 వెడల్పు పట్టీలుగా కోయండి. పట్టీల్ని రంగు మార్చి పక్కపక్కన, పైన రంగు తిప్పి ఇంకో వరస. బ్రిటిష్‌వాళ్ళ బాటెన్‌బర్గ్ కేక్ ఇదే. లేత గులాబీ, పసుపు పట్టీలు నాలుగు, వాటిని అంటించడానికి ఆప్రికాట్ జామ్, చుట్టూ మార్జిపాన్ అంటే బాదం ముద్ద చపాతీలా పరిచి చుడతారు. స్కేలు పెట్టి తిన్నగా కోయడమే కాబట్టి రింగు విరుగుతుందన్న బెంగే ఉండదు. ఎక్కడ కోసినా ప్రతి ముక్కలోనూ గళ్ళు ఒకేలా ఉంటాయి. గుండ్రటి కేకులో అయితే కత్తి కేంద్రం గుండా పోకపోతే గళ్ళు అడ్డంగా సాగినట్టు కనిపిస్తాయి.

కొలతబద్ద:
నాలుగుమూలలు చెప్పింది నిజం. గుండ్రటి కేక్ చేసేవాళ్ళు పైన క్రీమ్ పూశాక కేంద్రం దగ్గర చిన్న గుర్తు పెట్టుకోవాలి. కత్తి మొన అక్కడే మొదలవ్వాలి. పొరల మధ్య క్రీమ్ కూడా మిల్లీమీటరు మందం దాటకూడదు. చాలామంది మామూలు కేకుకు వేసినట్టు దట్టంగా వేస్తారు, అప్పుడు గళ్ళు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో తెల్ల అడ్డుగీతలు వస్తాయి. పల్చటి గ్యానాష్ (వేడి క్రీమ్‌లో కరిగించిన చాక్లెట్) గానీ వడకట్టి వేడి చేసిన జామ్ గానీ బ్రష్‌తో పూస్తే చాలు. రింగు లోపలి అంచుకు కూడా పూయాలి, లేకపోతే ముక్క కోసి ప్లేట్లో పెట్టగానే గళ్ళు విడిపోతాయి.

పాలమీగడ:
మా ఇంట్లో గుడ్డు వాడం. ఎగ్‌లెస్‌లో ఈ డిజైన్ నిలబడుతుందా అక్కా?

వెన్నముద్ద:
నిలబడుతుంది. గుడ్డు ఇచ్చే పట్టు ఉండదు కాబట్టి చలి మీద ఇంకాస్త ఎక్కువ ఆధారపడాలి. కండెన్స్‌డ్ మిల్క్ 400 గ్రాములు, కరిగించిన వెన్న 125, మైదా 250, పాలు 200 మి.లీ., బేకింగ్ పౌడర్ టీస్పూన్నర, వంటసోడా అర టీస్పూన్, చివర్లో టేబుల్‌స్పూన్ వెనిగర్. వెనిగర్ పడగానే సోడా పనిచేయడం మొదలుపెడుతుంది, ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో పెట్టేయాలి. రెండు రంగులు కాబట్టి బ్యాటర్‌ను ముందే విడగొట్టి, కోకో కలిపి, టిన్నులన్నీ సిద్ధంగా పెట్టుకుని, అప్పుడు వెనిగర్ సగం సగం కలపండి. కండెన్స్‌డ్ మిల్క్ తొందరగా ఎర్రబడుతుంది, 150 డిగ్రీలు చాలు. కోతకు ముందు ఫ్రీజర్‌లో అరగంట బదులు గంట. ఈ కేకుకు రింగులకన్నా నాలుగుమూలలు చెప్పిన పట్టీలే నయం.

ఆకుపచ్చ:
చాక్లెట్, తెలుపు కాకుండా వేరే రంగులు కావాలి, కానీ సీసాల్లో దొరికే రంగులు వేయడం ఇష్టం లేదు. బీట్‌రూట్ రసం వేస్తే పచ్చి బ్యాటర్ మంచి గులాబీ రంగులో ఉంది, బేక్ అయ్యాక మట్టి రంగు. పసుపు వేస్తే ఒకసారి పసుపుగా, ఒకసారి ఎర్రగా వస్తోంది. ఎందుకిలా?

వెన్నముద్ద:
బీట్‌రూట్ రంగు వేడికి తట్టుకోదండీ. కొంచెం నిమ్మరసం కలిపితే కాస్త నయం, అయినా ఓవెన్‌లో చాలావరకు పోతుంది. దాన్ని క్రీమ్‌లో వాడుకోండి. పసుపు ఎర్రబడటం మాత్రం సోడా పని. పసుపు క్షారంలో పడితే ఎర్రగా మారుతుంది. సోడా ఎక్కువైన రోజు, లేదా సరిగా కలవని రోజు ఎర్ర చారలు వస్తాయి. సోడా లేని రెసిపీలో బేకింగ్ పౌడర్ ఒక్కటే వేసి చూడండి, శుభ్రమైన పసుపు వస్తుంది. రంగుకు చిటికెడు చాలు, వాసన తెలియదు.

ఆకుపచ్చకు మాచా టీ పొడి మేలు. పాలకూర రసం వేడికి, పులుపుకు గడ్డి రంగులోకి దిగుతుంది. శంఖుపువ్వు నీలం మరీ పేచీ పెడుతుంది. పులుపు తగిలితే ఊదా, సోడా తగిలితే ఆకుపచ్చ వైపు పోతుంది. పైగా గుడ్డు సొన, వెన్న రెండూ పసుపే కదా, నీలం వాటితో కలిసి ఆకుపచ్చగానే కనిపిస్తుంది. నీలం కావాలంటే తెల్లసొనతో మాత్రమే చేసే కేక్ చేయాలి. నాకు అడిగితే సహజ రంగుల్లో నమ్మకమైన జత కోకో, పసుపు. లేదా మాచా, తెలుపు.

పైపింగ్‌బ్యాగ్:
లోపలి గళ్ళ గురించే మాట్లాడుతున్నారు, కేక్ చుట్టూ డిజైన్ ఉన్న స్పాంజ్ పట్టీ సంగతి కూడా చెబుతాను. ఫ్రెంచ్‌వాళ్ళు జొకోండ్ అనే బాదం స్పాంజ్‌తో చేస్తారు. ముందు డిజైన్ పేస్ట్: మెత్తటి వెన్న, ఐసింగ్ షుగర్, తెల్లసొన, మైదా, నాలుగూ సమాన బరువు, దానికి రంగు లేదా కోకో. సిలికాన్ మ్యాట్ మీద పైపింగ్ బ్యాగుతో చుక్కలో, తీగలో, గీతలో వేసి ఫ్రీజర్‌లో గట్టిపడేదాకా ఉంచాలి. దానిపైన పల్చటి బాదం స్పాంజ్ బ్యాటర్ అర సెం.మీ. మందాన పరిచి 220 డిగ్రీల దగ్గర 6 నుంచి 8 నిమిషాలు. తిరగేసి మ్యాట్ ఒలిస్తే స్పాంజ్‌లోనే డిజైన్ అచ్చు పడి ఉంటుంది. మొదటిసారి మ్యాట్ ఒలుస్తున్నప్పుడు తీగ అంచు ఒక్కటి కూడా చెదరకుండా బయటపడుతుంటే చూడాలి, అంత ముచ్చటేస్తుంది.

పేస్ట్ గట్టిపడకముందే బ్యాటర్ పోస్తే గీతలు చెరిగిపోతాయి. అక్షరాలు రాస్తే అద్దంలోలా తిరగేసి రాయాలి. 15 సెం.మీ. కేక్ చుట్టుకొలత 47 సెం.మీ. పైనే, ఇంటి ట్రేలో అంత పొడవు రాదు కాబట్టి రెండు పట్టీలు చేసి అతకండి. పట్టీని గంట లోపే కేకుకు చుట్టేయండి, ఆరితే వంచేటప్పుడు పగులుతుంది.

పొరలుపొరలు:
ఇంత దూరం వచ్చాక సరవాక్ కేక్ గురించి చెప్పకుండా ఉండలేను. మలేషియాలోని సరవాక్‌లో కేక్ లాపిస్ అంటారు. పండగలకు చేస్తారు. ఇండోనేషియాలో లాపిస్ లెగిట్, డచ్చివాళ్ళ నోట స్పెక్కూక్ అనే పొరల కేక్ ఉంది, దానికి బంధువు ఇది. సరవాక్‌లో మాత్రం ఆ పొరల్ని కోసి, తిప్పి, అంటించి డిజైన్లు కడతారు.

టిన్నులో పల్చగా ఒక పొర బ్యాటర్, ఓవెన్‌లో పై రాడ్డు మాత్రమే వేసి నాలుగైదు నిమిషాలు. పైన ఎర్రబడగానే తీసి, చదునైన దానితో మెల్లగా అదిమి గాలి పోగొట్టి, దానిమీదే ఇంకో రంగు పొర. అలా ఒక్కొక్కటీ. 20 సెం.మీ. చదరపు టిన్‌కు పొరకు 100 గ్రాముల చొప్పున తూచి పోయండి, కంటి అంచనా వద్దు. ఓవెన్ దగ్గరే నిలబడాలి, అర నిమిషం ఆదమరిస్తే పొర మాడుతుంది. రెండు గంటలు దాటుతుంది. ఓపిక ఉన్న రోజే మొదలుపెట్టండి.

డిజైన్ ఇలా వస్తుంది. కేక్ ఎత్తు ఎంతుందో అంతే వెడల్పుతో పొడవాటి దిమ్మెలు రెండు కోయండి. ఒక్కోదాన్ని చివరి నుంచి చూస్తే చతురస్రం, అందులో అడ్డ చారలు. ఆ చతురస్రాన్ని రెండు మూలల గీతల వెంట పొడవునా కోస్తే నాలుగు త్రికోణపు కడ్డీలు. పైనా కిందా వచ్చినవాటిలో చారలు బయటి అంచుకు సమాంతరంగా ఉంటాయి. కుడి ఎడమలవాటిలో అంచుకు నిలువుగా ఉంటాయి. రెండు దిమ్మెల నుంచి మొదటి రకం నాలుగు తీసుకుని మొనలు మధ్యకు పెట్టి కలిపితే ఒకదాంట్లో ఒకటి ఇమిడిన చతురస్రాలు! మిగిలిన నాలుగింటినీ అలాగే కలిపితే మధ్య నుంచి నాలుగు వైపులా విచ్చుకునే బాణపు మొనలు. ఒకే కేక్, రెండు డిజైన్లు.

దీనికొక షరతు. పొరలు బేసి సంఖ్యలో ఉండాలి, తొమ్మిదో పదకొండో. అడుగు పొర, పై పొర ఒకే రంగైతేనే చారలు మూలల దగ్గర కలుస్తాయి.

కొలతబద్ద:
కాగితం మీద గీసి చూశాను, సరిగ్గా కలుస్తున్నాయి. రెండో డిజైన్ కోసం వేరే కోత అక్కర్లేకపోవడం బాగుంది. ఎనిమిది పొరలతో గీస్తే పై త్రికోణం ఒక రంగుతో, కింది త్రికోణం ఇంకో రంగుతో మొదలై చతురస్రం కలవడం లేదు.

కొత్తఓవెన్:
గళ్ళ కేక్ అయిందండీ. 15 సెం.మీ. టిన్, నాలుగు పొరలు, కార్న్‌ఫ్లోర్ కలిపిన మైదా. ఒక్క రింగు కూడా విరగలేదు. ముందు తెల్లవి కోసి, కత్తి తుడుస్తూ పోతే మచ్చలు కూడా లేవు. పల్చటి గ్యానాష్ పూశాను. మొదటి ముక్క తీయగానే అందరూ ఒక్కసారిగా ముందుకు వంగి చూశారు. రుచి కూడా మెత్తగా ఉంది, తెల్లమబ్బు గారూ!

రెండు ప్రశ్నలు. సగం కేక్ మిగిలింది, ఫ్రీజర్‌లో పెడితే బయటికి తీసినప్పుడు రంగులు కలుస్తాయా? పొరలుపొరలు గారూ, త్రికోణాలు అంటించడానికి ఏం వాడాలి, ఎంతసేపు ఆగాలి?

వెన్నముద్ద:
చాలా సంతోషం అండీ. కోసిన ముఖానికి క్లింగ్ ర్యాప్ అంటుకునేలా చుట్టి, పైన ఇంకో చుట్టు వేసి పెట్టండి. తీసినప్పుడు ర్యాప్ విప్పకుండా ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి. అప్పుడు చెమ్మ ర్యాప్ మీద పడుతుంది, కేక్ మీద కాదు. చల్లటి కేకును విప్పి బయట పెడితే నీటి బొట్లు పట్టి చాక్లెట్ రంగు తెల్లదాంట్లోకి దిగుతుంది.

పొరలుపొరలు:
ముక్కలు లేని జామ్ తీసుకుని, రెండు చెంచాల నీళ్ళు కలిపి మరిగించి, వేడిగా ఉండగానే బ్రష్‌తో పల్చగా పూయండి. చల్లారేకొద్దీ పట్టుకుంటుంది. నాలుగు కడ్డీలూ కలిపాక బటర్ పేపర్‌లో బిగించి చుట్టి, ఇరుపక్కలా నిటారుగా ఉన్నవేవైనా ఆనించి, పైన చదునైన పలక, దానిమీద అరకిలో బరువు. రాత్రంతా ఫ్రిజ్‌లో అలాగే ఉంచండి. చుట్టూ పల్చటి స్పాంజ్ పొర చుట్టేది మర్నాడే. ఆఖరున రెండు చివర్లూ సెంటీమీటరు మేర కోసి తీసేయండి, అసలు డిజైన్ ఆ వెనక ఉంటుంది.